నెట్‌వర్క్ బూట్ ఎక్కడ ఆగింది? ముందు ఆఖరి వరుస చదవండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజమహేంద్రవరం. హాల్లో టీవీ వెనక రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి, అందులో లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, సినిమాలు, పాటలు ఆడించే కోడి ప్రోగ్రామును నడుపుతున్నాను. అమ్మా నాన్నా పాత సినిమాలు, పాటలు అందులోనే చూస్తారు. కరెంటు పోయి వచ్చే దెబ్బకు ఏడాదిలో రెండు మెమరీ కార్డులు పాడయ్యాయి. అందుకని అసలు కార్డే లేకుండా, మేడ మీద గదిలో డెబియన్ లినక్స్‌తో ఉన్న పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి, దాని నుంచి నెట్‌వర్క్ ద్వారా బూట్ చేయాలని, అంటే సిస్టమ్‌ను లేపాలని అనుకున్నాను. పది రోజులుగా కుస్తీ పడుతున్నాను. ఒక్కోసారి నల్లని తెర మీద తెల్ల అక్షరాలు తిరుగుతూనే ఉంటాయి. ఒక్కోసారి ఫైళ్లు వస్తున్నట్టే ఉండి మధ్యలో ఆగిపోతుంది. రెండుసార్లు మాత్రం చాలా దూరం వెళ్లి, ఏదో మౌంట్ చేయలేకపోయానని (తగిలించుకోలేకపోయానని) చెప్పి నిలిచిపోయింది. సర్వర్ లాగు (జరిగినవన్నీ రాసి ఉంచే ఫైలు) చూస్తే 'ఫైలు దొరకలేదు' అని వరుసగా పది పన్నెండు కనిపిస్తున్నాయి. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన రూటరులో బూట్ సర్వర్ పేరు, ఫైలు పేరు చెప్పే 66, 67 ఆప్షన్లు ఇచ్చే చోటే లేదు. డీఎన్ఎస్ మాస్క్ అనే ప్రోగ్రాముతో ఐపీ అడ్రసులు నేనే ఇస్తే ఇంట్లో ఫోన్లకు ఇంటర్నెట్ ఆగిపోయింది, వెంటనే తీసేశాను. మేడ మీదికి కేబుల్ లేదు, సర్వర్ వైఫై మీదే ఉంది. ఏమి మార్చాలో దయచేసి చెప్పండి.

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో కనీసం మూడు వేర్వేరు తప్పులు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. మొదటిది తొలగితే రెండోది బయటపడుతోంది. పెట్టె మళ్లీ లేవలేదు కదా అని మీరు అప్పటికే సరిగా ఉన్నదాన్ని కూడా మార్చేస్తున్నారు. పది రోజులు పట్టడానికి అసలు కారణం ఇదే. ఎక్కడ ఆగిందో తెలియకుండా చేసే మార్పులు గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటాయి. కాబట్టి ఈ సమాధానం పూర్తిగా చదివేదాకా దేన్నీ ముట్టుకోకండి.

కార్డు లేని పై 4కు కరెంటు అందగానే ఏమి జరుగుతుందో ముందు చూద్దాం. బోర్డు మీద ఈఈప్రోమ్ అనే చిన్న చిప్పు ఉంటుంది, బోర్డును మొదట లేపే బూట్‌లోడర్ ఉండేది అందులోనే. అది లేచి కేబుల్ మీద 'నాకొక ఐపీ అడ్రసు కావాలి' అని కేక వేస్తుంది. ఆ కేక ఇంట్లోని అన్ని యంత్రాలకూ వినిపిస్తుంది, జవాబు మాత్రం మీ రూటరు ఇస్తుంది. అడ్రసు దొరికాక, తన ఫైళ్లు ఏ సర్వర్ దగ్గర ఉన్నాయో దానికి తెలియాలి. తెలిస్తే టీఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే పద్ధతిలో ఫర్మ్‌వేర్ (బోర్డును సిద్ధం చేసే ప్రోగ్రాము), సెట్టింగుల ఫైలు, కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ) ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకుంటుంది. పగ్గాలు కర్నెల్ చేతికి ఇచ్చాక బూట్‌లోడర్ పని ముగిసినట్టే.

చాలామంది తడబడేది దీని తర్వాతే. అంతకుముందు జరిగినదేదీ కర్నెల్‌కు తెలియదు. నెట్‌వర్క్‌ను అది మళ్లీ మొదటినుంచి లేపుతుంది, రూటరును మళ్లీ ఐపీ అడుగుతుంది, ఆ తర్వాత ఎన్ఎఫ్ఎస్ అనే ఫోల్డర్లు పంచుకునే పద్ధతి ద్వారా సర్వర్‌లోని ఫోల్డర్లను మౌంట్ చేసుకుంటుంది. ఒకే కేబుల్ మీద రెండు వేర్వేరు ప్రయాణాలన్నమాట. మొదటి ప్రయాణం సాఫీగా సాగినంత మాత్రాన రెండోది సాగుతుందని లేదు. మీకు రెండుసార్లు చాలా దూరం వెళ్లి ఆగిందంటే, ఆ రెండుసార్లూ మొదటి ప్రయాణం పూర్తిగా నెగ్గింది. అది పెద్ద విజయం, మీరు దాన్ని వైఫల్యంగా లెక్క వేసుకున్నారు.

ఇవేవీ నిన్న మొన్న పుట్టిన పద్ధతులు కావు. టీఎఫ్‌టీపీ ప్రమాణం 1981 నాటిది. ఎన్ఎఫ్ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చింది. డిస్కులు బాగా ఖరీదైన ఆ రోజుల్లో డిస్కు లేని కంప్యూటర్లను ఇలాగే నడిపేవారు. మీరు టీవీ వెనక చేస్తున్నదీ అదే పని. నలభై ఏళ్లుగా నలిగిన దారి కనుక, తప్పు ఎక్కడుందో అది స్పష్టంగానే చెబుతుంది.

ఆ చెప్పేది చదవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి టీవీ తెర. పై 4కు రెండు చిన్న హెచ్‌డీఎంఐ రంధ్రాలుంటాయి. కరెంటు వైరు గుచ్చే చోటికి దగ్గరగా ఉన్న దానికి టీవీ తగిలించండి. మీరన్న ఆ నల్లని తెర నిజానికి రోగ నిర్ధారణ పత్రం. అందులో నెట్ అనే వరుస ఉంటుంది. దాని పక్కన డౌన్ అని ఉంటే కేబుల్ దగ్గరే ఆగింది, సర్వర్ జోలికి వెళ్లనక్కర్లేదు. బోర్డు మీద కేబుల్ గుచ్చే చోట చిన్న దీపాలు వెలుగుతున్నాయో లేదో టార్చి వేసి చూడండి, కేబుల్ మార్చండి, రూటరులో వేరే రంధ్రం వాడండి. అప్ అని ఉండి ఐపీ కనిపిస్తే రూటరు జవాబిచ్చింది. దాని కిందే టీఎఫ్‌టీపీ అనే వరుస ఉంటుంది. అక్కడ సర్వర్ ఐపీకి బదులు నాలుగు సున్నాలు కనిపిస్తే, ఫైళ్లు ఎవరిని అడగాలో దానికి ఎవరూ చెప్పలేదు. తెల్ల అక్షరాలు తిరుగుతూనే ఉండే రోజున మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనని నా గట్టి నమ్మకం. మీ రూటరు ఐపీ ఇస్తోంది గానీ సర్వర్ పేరు చెప్పడం దానికి చేతకాదు.

దీనికి చాలామంది డీఎన్ఎస్ మాస్క్‌ను పెట్టమంటారు. మీరు దాన్ని పూర్తి స్థాయి డీహెచ్‌సీపీ సర్వర్‌గా పెట్టినందువల్ల ఇంట్లో ఇద్దరు అడ్రసులు పంచేవాళ్లయ్యారు. ఫోను ఏ జవాబు ముందు అందితే దాన్నే పట్టుకుంటుంది. డీఎన్ఎస్ మాస్క్‌కు ప్రత్యేకంగా చెప్పకపోతే, బయటి ప్రపంచానికి దారి నేనేనని తన అడ్రసే ఇస్తుంది. పాపం ఆ ఫోన్లన్నీ ఇంటర్నెట్ కోసం మీ పాత కంప్యూటర్ తలుపు తట్టాయి. దానికి ఆ దారి తెలియదు. మీరు వెంటనే తీసేయడం మంచిదైంది.

ప్రాక్సీ అనే పద్ధతి కూడా ఉంది. అందులో అడ్రసులు రూటరే ఇస్తుంది, డీఎన్ఎస్ మాస్క్ పక్క నుంచి సర్వర్ పేరు మాత్రం అందిస్తుంది. పై 3 వాడేవారికి అదే దిక్కు. మీది పై 4 కనుక అంతకంటే తేలికైన దారి ఉంది, నేను మీకు అదే చెబుతాను. సర్వర్ అడ్రసును నేరుగా ఆ ఈఈప్రోమ్ చిప్పులోనే రాసేయవచ్చు. పనిచేసే కార్డు ఒకటి తీసుకుని, దాని మీద మామూలు రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్ వేసి బూట్ చేయండి. ముందు ఈఈప్రోమ్‌ను తాజా వెర్షన్‌కు తెచ్చుకోండి. 2019లో పై 4 మొదట విడుదలైనప్పుడు ఆ చిప్పులో నెట్‌వర్క్ బూట్ లేదు, తర్వాతి అప్‌డేట్లతో వచ్చింది. మీ బోర్డు తొలినాళ్లదైతే ఈ ఒక్క పనితోనే సగం దారి తెరుచుకోవచ్చు. తర్వాత టెర్మినల్‌లో ఆర్‌పీఐ ఈఈప్రోమ్ కాన్ఫిగ్ అనే కమాండ్‌ను ఎడిట్ ఆప్షన్‌తో నడిపితే ఒక చిన్న ఫైలు తెరుచుకుంటుంది.

అందులో రెండు వరుసలే మీకు కావాలి. మొదటిది టీఎఫ్‌టీపీ ఐపీ. దానికి మీ సర్వర్ అడ్రసు ఇవ్వండి, ఉదాహరణకు 192.168.1.10. ఈ వరుస ఉంటే రూటరు సర్వర్ పేరు చెప్పినా చెప్పకపోయినా బోర్డు పట్టించుకోదు. 66, 67 ఆప్షన్ల గొడవ అంతటితో తీరిపోతుంది, డీఎన్ఎస్ మాస్క్‌ను పూర్తిగా తీసేయవచ్చు. దాని బదులు సర్వర్‌లో టీఎఫ్‌టీపీడీ హెచ్‌పీఏ అనే చిన్న ప్యాకేజీ వేసుకుంటే చాలు. రెండూ ఒకేసారి ఉంచకండి. రెండింటికీ కావలసింది 69వ పోర్టే కనుక రెండోది లేవదు.

రెండో వరుస బూట్ ఆర్డర్. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. 1 అంటే కార్డు, 2 అంటే నెట్‌వర్క్, 4 అంటే యూఎస్‌బీ, ఎఫ్ అంటే మళ్లీ మొదటికి రమ్మని. మీకు కావలసిన విలువ 0ఎక్స్ తర్వాత ఎఫ్21. ముందు కార్డు ఉందేమో చూస్తుంది, లేకపోతే నెట్‌వర్క్‌కు వెళుతుంది, అదీ దొరకకపోతే మళ్లీ మొదలుపెడుతుంది. ఎడమ కొసన ఉన్న ఆ ఎఫ్‌ను పొరపాటున కూడా తీసేయకండి. కరెంటు సంగతి దగ్గరికి వచ్చేసరికి మీకు అండగా నిలిచేది ఆ ఒక్క అక్షరమే.

చిప్పులో రాసిన అడ్రసు మారకూడదు కదా. రూటరు సెట్టింగుల్లోకి వెళ్లి, మీ పాత కంప్యూటర్‌కు ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చేలా రిజర్వ్ చేయండి. ఇది మరిచిపోతే పదిహేను రోజులు బ్రహ్మాండంగా నడిచి, ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక సర్వర్‌కు కొత్త అడ్రసు పడుతుంది. అప్పుడు మీరు ఏమీ మార్చకుండానే అంతా ఆగిపోయిందని తల పట్టుకుంటారు.

చదవాల్సిన రెండో చోటు సర్వర్ లాగు. టీఎఫ్‌టీపీడీ హెచ్‌పీఏ మామూలుగా అన్నీ రాయదు, దాని ఆప్షన్లలో వెర్బోస్ చేర్చండి. ఇక మీరు భయపడిన ఆ 'ఫైలు దొరకలేదు' వరుసల సంగతి. వాటిలో చాలా భాగం జబ్బు కాదు. బోర్డు మొదట తన సీరియల్ నంబరులోని చివరి ఎనిమిది అక్షరాల పేరుతో ఒక ఫోల్డర్ ఉందేమో వెతుకుతుంది. ఒకే సర్వర్ నుంచి పది బోర్డులు నడిపేవారికి దేని ఫోల్డర్ దానికి ఉండాలని పెట్టిన ఏర్పాటు అది. ఆ ఫోల్డర్‌లో ఫర్మ్‌వేర్ ఉండే స్టార్ట్ ఫైలు దొరకకపోతే బయటికొచ్చి పైనున్న ఫోల్డర్‌లో అడుగుతుంది. ఆ తర్వాత కూడా ఉంటే తీసుకుందాం, లేకపోతే పోనిద్దాం అన్నట్టు కొన్ని ఫైళ్లు అడుగుతూ పోతుంది. అవి లేవని సర్వర్ చెబుతుంది, బోర్డు ముందుకు సాగుతుంది. బాగా నడుస్తున్న ఇంట్లో కూడా ఈ వరుసలు ఇలాగే ఉంటాయి. మొదటి 'దొరకలేదు' దగ్గర ఆగి దాని వెంట పడితే రోజులు గడిచిపోతాయి. మీరు చూడవలసింది ఆఖరి వరుస. చివరగా ఏ ఫైలు అడిగింది? అది అందిందా? అందాక ఇంకేమీ అడగలేదా?

స్టార్ట్ ఫైలు దగ్గరే ఆగిపోతే ఫైళ్లు తప్పు చోట ఉన్నాయి. లిబ్రెఎలెక్ కార్డును కంప్యూటర్‌కు తగిలిస్తే మొదటి చిన్న భాగం ఒకటి కనిపిస్తుంది. అందులో ఉన్నవన్నీ, ఓవర్‌లేస్ ఫోల్డర్‌తో సహా, ఎస్ఆర్‌వీ కింది టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. ఏది అవసరమో ఏది కాదో మీరు ఏరకండి. అనుమతి లేదని లాగులో వస్తే ఫైళ్లకు అందరూ చదివే అనుమతి ఇవ్వండి. కర్నెల్ ఫైలు మొదలై మధ్యలో తెగిపోతుంటే, అది మీ వైఫై.

వైఫై గురించి కాస్త నిక్కచ్చిగానే చెప్పాలి. టీఎఫ్‌టీపీ చాలా సాదాసీదా పద్ధతి. ఒక ముక్క పంపి, అందిందని జవాబు వచ్చేదాకా ఆగి, తర్వాతి ముక్క పంపుతుంది. మూల ప్రమాణంలో ఒక్కో ముక్క 512 బైట్లు. ఆ లెక్కన 10 మెగాబైట్ల ఫైలుకు 20 వేలకు పైగా ముక్కలు, అన్నిసార్లూ ఆగి జవాబు కోసం ఎదురుచూడటాలు. ఇప్పటి ప్రోగ్రాములు ఇంకాస్త పెద్ద ముక్కలకు ఒప్పందం చేసుకుంటాయి గానీ, ఆగి చూసే స్వభావం మారలేదు. మేడ మీద నుంచి స్లాబు దాటి వచ్చే వైఫైలో అక్కడక్కడ ముక్కలు రాలిపోవడం మామూలే. వెబ్ పేజీ చూసేటప్పుడు అది మీకు తెలియదు. ఇక్కడ మాత్రం ఒకరోజు లేస్తుంది, ఒకరోజు లేవదు. బూట్ అయ్యాక కూడా వ్యవస్థ మొత్తం ఎన్ఎఫ్ఎస్ మీదే బతుకుతుంది కనుక, ఒక్క నిమిషం వైఫై తడబడితే సినిమా ఒక్కటే కాదు, మెనూతో సహా అంతా బిగుసుకుపోతుంది. పై 4 తన వైపు నుంచి ఎలాగూ వైఫై మీద బూట్ కాలేదు, కేబుల్ తప్పనిసరి. సర్వర్‌కు కూడా కేబులే కావాలి. మేడకు వైరు లాగడం కష్టమైతే ఆ పాత కంప్యూటర్‌ను కిందికి, రూటరు పక్కకు తెచ్చేయండి. ఇది చేయకుండా మిగతావన్నీ చేసినా మీకు నిద్ర పట్టదు.

ఇప్పుడు ఆ చాలా దూరం వెళ్లి ఆగిన సంగతికి వద్దాం. మౌంట్ చేయలేకపోయానన్న ఆ వాక్యంలో, దేన్ని అన్నది కూడా రాసి ఉంటుంది. మీరు అది రాసి పంపలేదు. ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి, తెర మీద ఉన్న ప్రతి అక్షరం పనికొస్తుంది. అక్కడ యూయూఐడీ అని, దాని పక్కన అంకెలు, అక్షరాలు కలిసిన గుర్తు ఒకటి కనిపిస్తే జబ్బు దొరికినట్టే. అది మీ పాత కార్డు గుర్తు. కర్నెల్ నెట్‌వర్క్ నుంచి వచ్చింది గానీ, వచ్చాక కార్డు కోసం వెతుకుతోంది. ఎందుకంటే మీరు కార్డులోంచి కాపీ చేసిన, కర్నెల్‌కు సూచనలిచ్చే సీఎండీలైన్ ఫైలులో బూట్, డిస్క్ అనే రెండు మాటల పక్కన ఇప్పటికీ ఆ కార్డు గుర్తులే ఉన్నాయి.

ఆ రెండింటినీ మార్చాలి. బూట్ అన్న మాట తర్వాత సమానం గుర్తు, ఎన్ఎఫ్ఎస్, మళ్లీ సమానం గుర్తు, సర్వర్ ఐపీ, రెండు చుక్కల గుర్తు, ఆ తర్వాత మొదటి భాగం ఫైళ్లున్న ఫోల్డర్ పూర్తి దారి. డిస్క్ అన్న మాటకూ ఇదే వరస, చివర మాత్రం స్టోరేజీ కోసం విడిగా చేసుకున్న ఫోల్డర్ దారి. ఆపైన ఐపీ సమానం డీహెచ్‌సీపీ అని చేర్చండి, లేకపోతే రెండో ప్రయాణంలో కర్నెల్‌కు అడ్రసు ఉండదు. చివర క్వైట్ అనే మాట ఉంటే ప్రస్తుతానికి తీసేయండి. అది ఉంటే తెర మీద మాటలు తగ్గిపోతాయి, మనకు ఇప్పుడు అవే కావాలి.

ఇదంతా ఒకే వరుసలో ఉండాలి. మా ఇంట్లో పడకగది టీవీకి ఇదే ఏర్పాటు చేసినప్పుడు రెండు సాయంత్రాలు పోయింది దీని దగ్గరే. ఎడిటర్‌లో వాక్యం పొడుగ్గా ఉందని డిస్క్ అన్న మాట ముందు ఎంటర్ నొక్కాను. చూడటానికి చక్కగా ఉంది, రెండో వరుసలోని మాటలు మాత్రం కర్నెల్‌కు చేరనే లేదు. ఎన్ఎఫ్ఎస్‌ను, కేబుల్‌ను, రూటరును అన్నిటినీ అనుమానించాక, ఆ ఫైలులో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెడితే 2 అని వచ్చింది. కాబట్టి మీరు ఆ ఫైలు సరిదిద్దగానే వరుసలు లెక్కపెట్టండి. ఒకటే ఉండాలి.

కార్డు గుర్తులు పోయి, సర్వర్ ఐపీ కనిపిస్తూ కూడా మౌంట్ కాకపోతే అప్పుడు ఎన్ఎఫ్ఎస్ వంతు. సర్వర్‌లో ఎక్స్‌పోర్ట్స్ అనే ఫైలు తెరవండి. ఏ ఫోల్డర్‌ను ఎవరికి ఇవ్వాలో అందులో రాస్తారు. ఫోల్డర్ దారి, ఆ తర్వాత మీ ఇంటి నెట్‌వర్క్ అడ్రసు, దానికి ఆనుకుని కుండలీకరణాల్లో ఆప్షన్లు. ఆనుకుని అన్న మాటను నేను కావాలనే వాడాను. అడ్రసుకూ కుండలీకరణానికీ మధ్య ఒక్క ఖాళీ ఉన్నా అర్థం తిరగబడిపోతుంది. మీ ఇంటి యంత్రాలకు చదివే అనుమతి మాత్రమే మిగులుతుంది, రాసే అనుమతి ఊరందరికీ పోతుంది. కంటికి ఆనని తప్పు ఇది, అందుకే ఆ వరుస మీద కర్సర్‌ను ఒక్కో అక్షరం జరుపుతూ చూడండి.

ఆప్షన్లలో రాసే అనుమతితో పాటు నో రూట్ స్క్వాష్ అన్నది ఉండాలి. మామూలుగా ఎన్ఎఫ్ఎస్ భద్రత కోసం, అవతలి యంత్రంలోని రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అధికారాన్ని నమ్మకుండా దాన్ని అనామకుడిగా మార్చేస్తుంది. లిబ్రెఎలెక్‌లో పనులన్నీ రూట్ పేరుతోనే జరుగుతాయి. స్టోరేజీ ఫోల్డర్‌లో రాయడానికి దానికి అధికారం లేకపోతే కోడి లేవదు, లేదా లేచినా సెట్టింగులు నిలవవు. ఫైలు మార్చిన ప్రతిసారీ ఎక్స్‌పోర్ట్ ఎఫ్ఎస్ కమాండ్‌ను ఆర్, ఏ ఆప్షన్లతో నడపాలి, లేకపోతే సర్వర్ పాత మాట మీదే ఉంటుంది. ఇంట్లో మరో లినక్స్ యంత్రం ఉంటే ముందు దానిలోంచి ఆ ఫోల్డర్‌ను మౌంట్ చేసి, ఒక ఖాళీ ఫైలు సృష్టించి చూడండి. అది కుదిరితే పై 4 కూడా చేయగలదు. సర్వర్‌లో ఫైర్‌వాల్ పెట్టుకుని ఉంటే, పరీక్ష జరిగినంతసేపు ఇంటి అడ్రసులన్నిటికీ తలుపు తెరవండి. 69, 2049 పోర్టులు మాత్రమే తెరిస్తే ఎన్ఎఫ్ఎస్ మూడో వెర్షన్‌కు చాలదు, దాని సహాయక ప్రోగ్రాములు వేరే పోర్టుల్లో కూర్చుంటాయి.

మీ పాత కోడి సెట్టింగులు, చూసిన సినిమాల గుర్తులు కూడా రావాలంటే కార్డులోని రెండో భాగాన్ని స్టోరేజీ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవచ్చు. అసలైనవన్నీ చుక్కతో మొదలయ్యే పేర్లున్న ఫోల్డర్లలో దాగి ఉంటాయి, మామూలుగా లాగి వదిలితే అవి రావు. అనుమతులతో సహా కాపీ చేసే పద్ధతి వాడండి. ముందుముందు లిబ్రెఎలెక్ కొత్త వెర్షన్ వేసుకునేటప్పుడు సర్వర్‌లో కర్నెల్ ఫైలు, సిస్టమ్ ఫైలు రెండూ కలిపి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే మళ్లీ మధ్యలో ఆగుతుంది. సిస్టమ్ ఫైలు పేరంతా ఆంగ్లంలో పెద్ద అక్షరాల్లోనే ఉండాలి.

ఇక మీ అసలు బాధ కరెంటు. ఇక్కడ మీకు నిజం చెప్పాలి. నెట్‌వర్క్ బూట్ కరెంటు దెబ్బను మాయం చేయదు, కార్డు మీద నుంచి సర్వర్ డిస్కు మీదికి జరుపుతుంది. డెబియన్ వాడే ఎక్స్‌ట్4 లాంటి ఫైల్ సిస్టమ్, మంచి హార్డ్ డిస్కు ఆ దెబ్బను మెమరీ కార్డు కంటే బాగా తట్టుకుంటాయి. అయినా సర్వర్‌కు, రూటరుకు కలిపి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అనే మీట ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ రెప్పపాటుకు ఫ్యాన్లకేమీ కాదు గానీ కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు మూడు యంత్రాలు ఒకేసారి లేస్తాయి. పై 4 కొన్ని సెకన్లలోనే అడ్రసు అడగడం మొదలుపెడుతుంది. ఫైబర్ రూటరుకు నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. పాత కంప్యూటర్ అసలు లేస్తుందా అన్నది దాని బయోస్ సెట్టింగు మీద ఆధారపడి ఉంటుంది. చాలా వాటిలో కరెంటు వచ్చాక ఆగే ఉండాలన్నది ముందే పెట్టి ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి పవర్ అన్న పేజీలో, కరెంటు తిరిగి రాగానే ఆన్ కావాలన్న ఆప్షన్ పెట్టండి. పాత యంత్రం కదా, మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయి ఉంటే కరెంటు పోగానే ఈ సెట్టింగునే మరిచిపోతుంది. కంప్యూటర్‌లో తేదీ వెనక్కి పోతూ ఉందంటే అదే గుర్తు. సీఆర్2032 అని అడిగితే గడియారాల దుకాణంలో కూడా ఇస్తారు. రూటరు, సర్వర్ రెండూ లేచేదాకా పై 4 మళ్లీ మళ్లీ అడుగుతూ ఉండాలి, దానికే ఆ ఎఫ్ అక్షరం. పై 3 మొదటి మోడల్‌లో ఈ ఓపిక లేదు. ఐదుసార్లు అడిగి ఊరుకునేది, దానికి బూట్‌కోడ్ ఫైలు ఒక్కటే ఉన్న కార్డు పెట్టి సరిపెట్టుకోవలసి వచ్చేది. మీది పై 4 కావడం మీకు కలిసొచ్చింది.

మరొకటి కూడా నన్ను అడగనివ్వండి. ఏడాదిలో రెండు కార్డులు పోయాయన్నారు. పై 4ను ఫోను చార్జరుతో నడుపుతున్నారా? దానికి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. వాడుతున్నప్పుడు తెర మూలన మెరుపు గుర్తు ఎప్పుడైనా కనిపించి ఉంటే వోల్టేజీ పడిపోతోందని అర్థం. అదీ కార్డులను తినేస్తుంది, నెట్‌వర్క్ బూట్‌ను కూడా మధ్యలో తెంచుతుంది. మంచి అడాప్టర్ కొనడం ఈ ఉత్తరంలో అన్నిటికంటే చవకైన మందు.

ఇంకొక్క టీవీ కూడా లేకుండా ఇదొక్కటే నడపాలనుకుంటే, యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ నుంచి బూట్ చేయడం ఇంతకంటే తేలికని నా అభిప్రాయం. పాత కంప్యూటర్ 50 వాట్లు లాగుతుందనుకుంటే రోజంతా నడిస్తే 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు బిల్లులో పడతాయి. సినిమాలన్నీ ఎలాగూ ఆ కంప్యూటర్‌లోనే ఉండి, అది రోజూ నడవాల్సిందే అయితే మాత్రం నెట్‌వర్క్ బూట్ మీద మీరు పడ్డ శ్రమ వృథా కాదు. ఆ సంగతి మీకే తెలుసు, మీరే తేల్చుకోండి.

పని మొదలుపెట్టేటప్పుడు ఈ వరసలో వెళ్లండి. ముందు అడాప్టర్, సర్వర్‌ను కిందికి తెచ్చి కేబుల్ తగిలించడం, రూటరులో దాని ఐపీ రిజర్వ్ చేయడం. ఆ తర్వాత ఈఈప్రోమ్‌లో రెండు వరుసలు. తర్వాత ఫైళ్లు, సీఎండీలైన్. ఎన్ఎఫ్ఎస్ చివర. ఒక్క మార్పు చేయగానే ఒకసారి బూట్ చేసి, తెర మీద, లాగులో ఆఖరి వరుస ఏమిటో కాగితం మీద రాసుకోండి. మునుపటి కంటే ఒక్క అడుగు ముందుకు వెళ్లి ఆగినా ఆ మార్పు సరైనదే, దాన్ని వెనక్కి తీయకండి. కోడి లేచాక ఒక ఆదివారం పగటిపూట మెయిన్ స్విచ్ ఆపి, రెండు నిమిషాలాగి వేసి చూడండి. ఎవరూ చేయి వేయకుండా టీవీ మీద మెనూ రావాలి.

లిబ్రెఎలెక్ ఉన్న మంచి కార్డు ఒకటి మాత్రం దాచండి. చిన్న కవరులో వేసి టీవీ వెనక అంటించి, అమ్మకో నాన్నకో చూపించండి. బూట్ ఆర్డర్‌లో 1 ముందే ఉంది కనుక, మీరు ఊళ్లో లేని రోజున సర్వర్ మొరాయిస్తే వాళ్లు ఆ కార్డు గుచ్చి స్విచ్ వేస్తే చాలు, పెట్టె దాని నుంచే లేస్తుంది.